బిస్మత్ పొర

ఒరూరోలో ఇంకా చలి వదల్లేదు.
పెన్సిల్ మొనంత కార్బన్ ముఖాన్ని
తెల్లపొడి చల్లిన గుడ్డ మీద
ఎనిమిది అంకె దిద్దుతూ రుద్దుతోంది నియేవెస్.
వంద ఎనిమిదులు.
లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచీ.
నల్లటి ఆ చుక్కలో కిటికీ కనిపించాక ఆపుతుంది.

వెనకటికి ఈ పనికి పాదరసం వాడేవారు,
ఒక విషాన్ని పట్టించడానికి ఇంకో విషం.
ఇప్పుడు బిస్మత్.
ఇదీ ఆ కొండల్లోదే, సీసం పక్కనే పుట్టింది,
తోబుట్టువు మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.
కార్బన్ మీద దాని పొర
పచ్చిపాల మీగడకన్నా పలచన.

డోన్యా ఎయుస్తాకియా బావినీళ్ళు తెచ్చింది
బొప్పాయి సోడా సీసాలో.
నేను రాసే భాషలో
దీర్ఘం తీసి సున్న పెడితే సీసా సీసమవుతుంది.
ఆమెకు కావలసిందీ సున్నే,
వేరే సున్న.

గనిలోంచి దిగే కొపహీరా తుప్పురంగు,
లామాలు కూడా వాసన చూసి పక్కకి తప్పుకుంటాయి.
ఈ నీళ్ళు తేట.
వీటినుంచి ఎవరూ తప్పుకోలేదు.

నైట్రోజన్ బుడగలు. అడుగున అయస్కాంతం గిరగిరా.
మైనస్ ఒకటి పాయింట్ రెండు వోల్టులు, మూడు నిమిషాలు.
అంతసేపూ అయాన్లు వచ్చి పొరలో ఒదుగుతాయి,
వానకి చూరు కింద చేరినట్టు.
తర్వాత తిప్పడం ఆపి
వోల్టేజి మెట్టుమెట్టుగా పెంచితే
ఒక్కొక్కరే బయటికి.
ముందు కాడ్మియం, చిన్న మూలుగు.
వెనకే సీసం.
గీత లేచింది, లేచి తెర పైఅంచు తాకింది.
నియేవెస్ స్కేలు మార్చింది.
మళ్ళీ తాకింది.

"ఇది ఏ కొండ?" అనడిగింది ముసలామె.

నియేవెస్ అంకె చెప్పింది.
అర్థం కాక కాదు,
అర్థమయ్యే ఆమె మోచెయ్యి తడుముకుంది.
"మరి ఆ పుల్లలోంచి అంతా పోయిందా?"
పోయింది.
చివర్న బిస్మత్ కూడా కరిగి దిగిపోతుంది.
మళ్ళీ నునుపు, మళ్ళీ ఒట్టి నలుపు.

"నా ఎముకల్లో యాభై ఏళ్ళది ఉంది.
దాన్ని ఎన్ని వోల్టులకు దింపుతావమ్మాయ్?"

గుడ్డ మీద తెల్లపొడి చల్లింది నియేవెస్.
ఒకటి, రెండు, మూడు
పంతొమ్మిదో ఎనిమిది దగ్గర లెక్క మరిచిపోయింది.

ముసలామె శాలువా సర్దుకుని లేచింది.
సీసా ఇచ్చెయ్యమంది.
మూత జాగ్రత్త, అంది,
ఇంట్లో నీళ్ళకి ఇంకొకటి లేదు.