నాలుగో సప్పుడు

కొల్లాపురం బస్టాండు ఎనక సందుల
నా కుట్టుమిషను దుకాణం.
రెండేండ్ల సంది ఈడ ఒక్కటే ముచ్చట:
తలుపు కొట్టింది ఎవరు?

'ఏడు వాకిండ్ల గడి' అయిపోయిన రాత్రి
రాణి ఏడో వాకిలి కాడికొచ్చింది.
ఒక చేతుల దీపం, గొళ్లెం మీద ఏలు.
బయట నుంచి
టక్, టక్, టక్.
తెర నల్లగయ్యింది.
కింది నుంచి మీదికి పేర్లు పోతున్నయి,
మా నోట్లె బువ్వ ముద్ద నోట్లెనే ఉన్నది.

మరిదే, ఇంకెవడు అంటది గాజుల రజియా.
నవాబు పంపిన సవారంటడు కండక్టరు మద్దిలేటి.
సచ్చిన రాజే ఎందుకు గావద్దు,
పీనుగు మొకం సక్కగ చూపిచ్చిండ్రా అని
మందుల షాపు పిలగాడు కొట్లాటకొస్తడు.
ఇంటర్ల రెండుమాట్ల తప్పిండు గని
ఏ దర్వాజకు ఎవని కావలో
నోటికి చెప్తడు.

నాకు తెలిసింది రాణి రవికె.
మోచేతి దాక చెయ్యి, భుజం కాడ కుచ్చులు మూడు,
అంచుకు సన్న జరి.
నలబై ఒక్కటి కుట్టిన.
పెండ్లికి తొడిగినోళ్లున్నరు,
మామిడి తోటల కాయ ఏరపోతు తొడిగినోళ్లున్నరు.
నిజానికి కుచ్చులు నాలుగు.
దీపం ఎలుగుల లెక్క తప్పిన.
మల్ల చూసినంక ఎరుకైంది, ఎవ్వరికీ చెప్పలే.

ఇగ తారీఖు తేలింది.
వచ్చే శుక్రారం, రాత్రి తొమ్మిదిన్నర.
బస్టాండు గోడకు కొత్త బొమ్మ అతికిచ్చిండ్రు,
రాణి ముక్కుపుడక మీద డీజిలు పొగ.
మద్దిలేటి నాగర్‌కర్నూలు డ్యూటీ మార్చుకున్నడు.
కరెంటును నమ్ముకోని రెండేండ్లు ఆగలేదని
రజియా ఇన్వర్టరు కొన్నది, కిస్తుల మీద.
పిలగాడైతే గడ్డం గీసుకుంటలేడు,
అదేం మొక్కో.

మంగళారం దీపాలు పెట్టే యాల్లకు కుర్మమ్మ వచ్చింది.
మొన్నటెండకాలం, కాయ దిగే రోజులల్ల
కూలి ఇడిచి షూటింగుకు పోయింది, కడవ మోసేటందుకు.
రోజుకు ఆరు నూర్లు, పగటి బువ్వ,
లోపటి సంగతి చెప్పనని కాయితం మీద ఏలుముద్ర.
ఊరంత చాయ్ తాపిచ్చింది ఆమెకు,
మిర్చీలు తినిపిచ్చింది.
తిన్నది, తాగింది,
మూతి తుడుసుకోని
"ఎండ బాగుండె" అన్నది.

"రాణి రవికె వద్దు నాకు.
చేతులు పొట్టిగ పెట్టు. కుడిది జర ఇంకా పైకి."
"కుడిదొక్కటేనా?"
"చెయ్యి అగుపడాలె" అన్నది.
టేపు పట్టిన.
కణుపుల మీద తోలు లేసి
మల్ల కట్టిన మచ్చలు, నాలుగు ఏండ్లకు నాలుగు.
"డబ్బాల మేకులా?"
"గాదు."

మిషను పట్టా వదులుండె.
టక్ టక్ టక్కుమని
నిలవడ్డది.
కుర్మమ్మ మిషను దిక్కు చూసింది,
ఏదో సగంల ఇడిసినట్లు.
గుండీల డబ్బ పక్కన, బల్ల మీద
తనే కొట్టింది మూడు.
ఆగింది.
వనపర్తి బస్సు ఎనకకొచ్చి, తిరిగి, పోయింది.
ఇంకా ఆగింది.
గప్పుడు ఇంకొకటి,
కత్తెర ఎగిరిపడేటట్టు.

ఈ ఊర్ల ఎవ్వరు ఇనలే ఆ నాలుగోది.
మెత్తని చేతులకు
టేకు తలుపు పలికిందో లేదో,
ఎన్నిమాట్లు కొట్టిపిచ్చిండ్రో ఆ ఎండల.
నేను అడగలే. ఆమె దారపుండలు చూసుకుంట నిలవడ్డది.
"శుక్రారం వరకు అయితదా?"
"రేపే ఇస్త" అన్న.

ఆమె మలుపు తిరిగిందో లేదో
రజియా ఉరికొచ్చింది, దుకాణం తెరిసిపెట్టే.
ఏమన్న చెప్పిందా?
నోట్ల గుండుసూదులు ఉండె.
ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టి
ఎండ బాగుండెనంట
అన్న.