మారకం

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింది గది నాది.
నిన్న సాయంత్రం ఒక కుర్రాడొచ్చాడు,
కజాన్‌లో డాక్టరు చదువట.
ఏజెంటిచ్చిన కాగితం నా బల్ల మీద పరిచి
"నెలకెంతవుద్ది సార్ అక్కడ, నిజం చెప్పండి" అన్నాడు.
హాస్టలుకింత, మెట్రోకింత, కోడిగుడ్లకింత.
రూబుళ్ల పక్కన పెన్సిలుతో రూపాయలు,
వాళ్ల నాన్న రాత కాబోలు, రెండుసార్లు చెరిపి రాసింది.
కళ్లజోడు తుడుచుకున్నాను.

ఈ ప్రశ్న మొదట అడిగింది సలోమమ్మ.
ఎనభయ్యారులో, ఏటుకూరు రోడ్డు గోడౌన్‌లో
మూడొందలమంది ఆడవాళ్లు పొగాకు రంగులేరుతున్న చోట.
గెన్నాదీ అని, సరుకు చూడ్డానికొచ్చిన మనిషి
బేలు విప్పించి, ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని
గట్టిగా తుమ్మాడు.
నేను దుభాషిని.
తుమ్ముకి తర్జుమా అక్కర్లేదు, షెడ్డంతా నవ్వింది.
ఆ నవ్వు సందులోంచి ఆమె:
"అడగవయ్యా తెల్లాయన్ని, జీతమెంతంటా?"

రెండొందల ఇరవై రూబుళ్లు.
"ఇంటద్దె?"
నాలుగు.
"నాలుగొందలా?"
కాదమ్మా, నాలుగే.
"రొట్టె?"
ఇరవై కోపెక్కులు. పైసల్లాంటివి.
"మరి మిగిలిందంతా ఏం జేసుకుంటాడు?"
అతను ఆకు ఈనెను చాలాసేపు వేలితో నిమిరాడు.
"క్యూలో నిలబడతాను" అన్నాడు.
బూట్ల కోసం. లూదా కోటు కోసం.
కారుకైతే పేరు రాయించి నాలుగేళ్లు.

సలోమమ్మ ముక్కున వేలేసుకుంది.
"డబ్బులుండి సరుకు లేకపోటమేంది!
మా పట్నంబజారు చూడమను, సరుకు దిబ్బలు దిబ్బలు.
మా కొంగుముళ్లోనే ఏం లేదు."
కొంగుముడికి రష్యన్‌లో మాట దొరక్క
ఖాళీ పిడికిలి బిగించి చూపించాను.
అతనికి అర్థమైంది.

ఆ సాయంత్రం పట్నంబజారులో
ఆరు చొక్కాలు, రెండు కిలోల టీపొడి, మూడు గొడుగులు కొన్నాడు.
ప్రతి గొడుగూ విప్పాడు, మూశాడు, మళ్లీ విప్పాడు.
మబ్బు తునక కూడా లేదు పైన.
వెళ్లేరోజు సలోమమ్మ చేతిలో ఒక రూబులు బిళ్ల పెట్టాడు.

తర్వాత ఆ దేశం పేరు మారింది.
ఇక్కడ బేళ్లు కదల్లేదు, వాటి మీద బల్లులు గుడ్లు పెట్టాయి.
ఆర్నెల్ల పని రెండు నెలలకొచ్చింది.
తొంభై మూడులో ఉత్తరం:
"కారుకని దాచిన సొమ్మంతా మొన్న తీశాను.
ఒక జత బూట్లొచ్చాయి.
ఇప్పుడు క్యూ లేదు. అద్దాల నిండా సరుకే.
లూదా మెట్రో మెట్ల దగ్గర నిలబడి
ఆ గొడుగులు అమ్ముతోంది.
సలోమికి చెప్పు,
మేమూ గుంటూరోళ్లమైపోయాం."

సంగడిగుంట వెళ్లాను.
మిరపకాయల తొడాలు తీసొచ్చి
అరచేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది.
ఉత్తరం చదివాను. సగంలో ఊదుడు ఆపింది
ఆ మండే చేతుల మీద.
వక్కల సంచిలోంచి బిళ్ల తీసి
"దీనికిప్పుడెంతొస్తదయ్యా?"
ఏం రాదమ్మా.
"బరువు బానే ఉందే" అని మళ్లీ సంచిలో వేసుకుంది.
కాసేపాగి,
"గొడుగు ఎంతకమ్ముతుందంటా ఆమె?"
రాయలేదన్నాను.
"అసలుది రాయలేదు మరి."

కుర్రాడు ఎదురుచూస్తున్నాడు.
లెక్క సరిగ్గానే ఉంది బాబూ అన్నాను,
ఈ నెలకి.
వెళ్లాక మెట్రో మెట్ల దగ్గర
గొడుగెంతో అడిగి నాకు రాయి.
ముసలాడికి చాదస్తం అనుకున్నాడేమో,
కాగితం మడిచి లేచాడు.
"మీకెంతివ్వాలి సార్?"
నాలుగు, అన్నాను.
ఐదొందల నోటు బల్ల మీద పెట్టి
చిల్లర కోసం నిలబడ్డాడు.