ఎట్టా ఉంది?

అమగసాకి బజారులో, పైకప్పు కారే మూల
మాది ఫోటో కొట్టు.
మనిషిని నాలుగు సెంటీమీటర్లలోకి దించడం నా పని.

సాయంత్రాలు పనికొచ్చే కొతోనే
కవర్ల వెనక పెన్సిల్‌తో మాటలు రాస్తుంది.
మా కాలంలో మొహానికి ఇన్ని పేర్లు లేవు.
నవ్వు, ఏడుపు, మధ్యలో మర్యాద. అంతే.

మగావో అంటే
మొహంలోంచి మనిషి బయటికెళ్ళి తలుపేసుకోవడం.
పాస్‌పోర్టు ఆఫీసుకి అదే కావాలి.
బ్యాంకు ఉద్యోగమని వచ్చిన కుర్రాడు
ఒంటినిండా పిల్లిని తొడుక్కుని వచ్చాడు,
మూడో ఫ్లాష్‌కి తోక కనబడింది.
ఇరవై మూడు ఇంటర్వ్యూలు తిరిగినవాడివి
చచ్చిన చేప కళ్ళు.
"తాజాదే పాపం, చచ్చి ఎక్కువసేపు కాలేదు" అంది కొతోనే.
షియో తైయో, ఉప్పు జవాబు:
పలకరిస్తే చిటికెడు విదిలించి ఊరుకోవడం.

మంగళవారం టోఫు కొట్టు తొకుజి వచ్చాడు.
నలభై ఏళ్ళుగా మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.
అలాంటి మొహాన్ని మావాళ్ళు బుద్ధుడి నడినెత్తి అంటారు,
ఎందుకో నేనెవర్నీ అడగలేదు.
"చావు ఫోటో తియ్యి" అన్నాడు,
చిల్లర ఇమ్మన్నట్టు.
డాక్టరు వేసవి దాకా అన్నాడట.

ఎలా ఉండాలి మొహం, అన్నాను.
స్టూలు మీద కూచుని కవర్లు తిరగేసి
ఒకటి తీసి చూపించాడు.
దోయా.
మా వైపు మాటే అది: ఎట్టా ఉంది? అని.
గెలిచినవాడి మొహం. ముక్కుపుటాలు కాస్త ఉబ్బి,
గడ్డం ఒక వేలెడు పైకి.
"అగరొత్తి పట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ అడగాలి."

రాలేదు.
నలభై ఏళ్ళ గంటు ఒక్క పూటలో విప్పితే వస్తుందా.
పళ్ళు బయటపెడితే పంటి డాక్టరు దగ్గరున్నట్టుంది,
గడ్డం ఎత్తితే
కప్పులోంచి నీళ్ళెక్కడ పడుతున్నాయో చూస్తున్నట్టుంది.
పదిహేడు ఫ్లాష్‌లు.

"తాతా, మా అమ్మకి మీ టోఫు నచ్చదు,
సూపర్‌మార్కెట్‌దే మెత్తగా ఉంటుందట"
అంది కొతోనే, లైటు సర్దుతూ.
అబద్ధం. వాళ్ళమ్మ రోజూ ఆ కొట్టు ముందు
గిన్నె పట్టుకుని నిలబడుతుంది.

తొకుజి అటు తిరిగాడు.
తెల్లారుజామున మూడింటికి లేచి సోయా రుబ్బిన పొద్దులన్నీ
గడ్డం కింద చేరి
దాన్ని పైకెత్తాయి.
నొక్కాను.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. బావుందనలేదు, వస్తాననలేదు.
ఉప్పు జవాబు.

జూన్‌లో వాళ్ళింటి నుంచి తిరిగొచ్చి
గుమ్మంలో చల్లుకోమని ఇచ్చిన పొట్లం విప్పాను.
భుజాల మీద కాస్త.
మిగిలింది, ఎవరూ చూడకుండా, నాలుక మీద.
పూల మధ్య నుంచి వాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఉప్పగా ఉంది, తొకుజీ.

లోపల కొతోనే రేపటి పాస్‌పోర్టులు కత్తిరిస్తోంది.
ఆరు.