పెన్సిలుతో రాసిన ఏడాది

డిసెంబరు. ఔదెనార్దెలో నాలుగింటికే చీకటి.
వాన్నెస్ వంటింటి బల్ల మీద
దుప్పటంత క్యాలెండరు పరిచాను.
అంచులు లేవకుండా నాలుగు మూలలా
నాలుగు కాఫీ కప్పులు.

నేను పెన్నుతో రాయను.
పదహారేళ్ళుగా ఇదే పని,
ఒక్క ఏడాదీ రాసినట్టు జరగలేదు.
రబ్బరు రుద్ది రుద్ది
ఏటా ఏప్రిల్ దగ్గరే కాగితం చిరుగుతుంది.

అన్నీ కావాలంటాడు వాన్నెస్.
ఫిబ్రవరి ఆఖర్లో ఒమ్‌లూప్,
ఏప్రిల్లో ఫ్లాండర్స్, వారం తిరిగేసరికి రూబే,
మేలో జీరో, జూలైలో టూర్.
మిఠాయి కొట్టు అద్దం మీద పిల్లాడిలా
ఒక్కోదాని మీదా వేలు ఆనించి చూపిస్తాడు.
ముప్పై మూడేళ్ళు.
మోకాలి మీద రూబే రాళ్ళు వేయించిన
పదకొండు కుట్లు.

పిండి కొద్దీ రొట్టె, అనొచ్చు.
కానీ ఇక్కడ పిండి అతని కాళ్ళు.
రాళ్ళ బాట బరువు అడుగుతుంది:
కుదుపు మింగే తొడలూ,
పక్కగాలికి కొట్టుకుపోని నాలుగు కిలోలూ.
ఆ నాలుగు కిలోలే
నెల తిరక్కుండా కొండ వెనక్కి అడుగుతుంది.
ఏ కిలో ఎక్కడ దించాలో
సియెర్రా నెవాడా పక్కన చిన్న చిన్న చుక్కలు పెట్టాను.
పద్దెనిమిది రోజులు.
పలచటి గాలి, త్రాసులో తూచిన అన్నం,
కూతురితో ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్ర.

కాగితంతో చిక్కేమిటంటే
దాని మీద అలసట కనబడదు.
రూబే ఆదివారానికీ,
చెంచా కూడా పట్టుకోలేని ఆ మర్నాటికీ
ఒకే కొలత గడి.

పెరటి తలుపు తోసుకుని మామగారు ఒదిలోన్ వచ్చాడు,
చొక్కా చేతి మీద బూడిదరంగు ఈక.
కళ్ళజోడు పైకెత్తి కాసేపు చూశాడు.
"బార్సిలోనాకి పంపే పావురాన్ని
నేను వసంతంలో దగ్గరి పందేలకి వదలను.
వదిలితే రెండు గెలుస్తుంది.
మూడోసారి గూటికి రాదు."
"ఎన్ని పోగొట్టుకున్నావు?" అన్నాను.
"మంచివే," అన్నాడు,
మొక్కజొన్న డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

వాన్నెస్ రబ్బరు అందుకున్నాడు.
జీరో అనుకున్నాను. ఒమ్‌లూప్ చెరిపాడు,
అన్నిట్లోకీ చిన్నది.
ఇద్దరికీ నవ్వొచ్చింది.
తర్వాత చాలాసేపు ఫ్రిజ్ శబ్దమే.

తర్వాత జూలై చెరిపాడు. మొత్తం మూడు వారాలు.

జూలైలో అతను గెలవడానికి పోడు,
ఇరవై రెండేళ్ళ కుర్రాడికి
చొక్కాలో ఎనిమిది సీసాలు దోపుకుని
వెనక కార్ల నుంచి ముందుకి మోయడానికి పోతాడు.
ఆ మోతకే జీతం.
ఒప్పందం ఈ ఏడాదితో సరి.
ఇదంతా నాకంటే అతనికే బాగా తెలుసు.

"ఇక్కడేం రాయను?"
"ఏమీ రాయకు. రాళ్ళ మీద
ఒక్కసారి నా కోసం తొక్కుతాను."

కారులో కూర్చుని దీపం వేశాను.
టీము డైరెక్టరు రెండుసార్లు ఫోను చేసినట్టుంది.
క్యాలెండరు చుట్టబోతూ ఒకసారి ఏటవాలుగా పట్టుకున్నాను.
పెన్సిలు ములుకు నేనే గట్టిగా నొక్కినట్టున్నాను:
చెరిపిన జూలై, గాడి గాడిగా,
ఇంకా చదవడానికి వస్తోంది.