ఎడమ మడ్‌గార్డు

నానక్‌రాంగూడలో మా షాపు.
కార్లకు ఫిల్మ్ అతికిస్తాం, కోటింగ్ వేస్తాం.
ఉంగరం, గడియారం, బెల్టు బకిల్
గడప బయటే విప్పి రావాలి.
గీత పడితే మా జీతం సరిపోదు.

మంగళవారం పొద్దున వచ్చిందది,
చప్పుడు లేకుండా.
వాచ్‌మన్ మల్సూరు ఫోన్లోంచి తలెత్తేసరికి
గేటు దాటి లోపలుంది,
పాలగిన్నె ఎక్కడుందో తెలిసిన పిల్లిలా.

"పాత మోడలే, మళ్లీ పుట్టింది" అన్నాడు ఓనరు తమ్ముడు,
పునర్జన్మకు వారంటీ కార్డు ఉన్నట్టు.
పన్నెండు సిలిండర్లట, పైన కరెంటు మోటారట,
లెక్కపెట్టి కొన్నే చేశారట.

నేను వినడం లేదు.
ముక్కు నుంచి తోక దాకా ఒకటే గీత,
దర్జీ సుద్దతో ఒక్క ఊపులో లాగినట్టు.
ఈ గీత నాకు తెలుసు.
దీని మీద పావురాలు నీళ్లు తాగుతాయి.

రాణీగంజ్‌లో, బైబిల్ హౌస్ వెనక సందులో
ఖుద్దూస్ ఉస్తాద్ మిద్దె మీద
నాలుగిటుకల పైన పడుకుని ఉంటుంది
ఒక ఎడమ మడ్‌గార్డు.

ఎనభైల్లో ఎవరో కాంట్రాక్టరు తెప్పించుకున్న బండిదది.
తలుపులు ఆకాశానికి లేచేవట.
ఒక రాత్రి ఆర్టీసీ బస్సు
దాని ఎడమ చెంప పగలగొట్టింది.
సామాను ఇటలీ నుంచి రావాలి, ఏడాది పడుతుంది.
ఉస్తాద్ నూనె డ్రమ్ము ఒకటి కోసి
ఇసక సంచి మీద పరిచి
పదకొండు రోజులు కొట్టాడు.
కుడి పక్కను అరచేత్తో చదివి
ఎడమ పక్కకు తిరగేసి రాశాడు.

డ్రమ్ము రేకు రోడ్డెక్కింది.
ఇటలీ రేకు మిద్దెక్కింది.

ఆ సుత్తే తర్వాత మెల్లగా
ఆయన రెండు చెవులూ తినేసింది.
నేనూ ఆరేళ్లు పట్టాను దాన్ని.
ఇప్పుడు సొట్ట పడితే ఎవరు కొడతారు?
ముక్క తీసి ముక్క పెడతారు.

ఆదివారం, షాపు మూసి ఉండగా
ఉస్తాద్‌ని స్కూటీ మీద తీసుకొచ్చాను.
కేబుల్ బ్రిడ్జి మీద నా భుజం తట్టి
"గింత ఇనుము ఎవడు వంచిండ్రా?" అన్నాడు.
మల్సూరుకు రెండు సిగరెట్లు.

ఎవరూ చెప్పకుండానే ఉంగరం తీశాడు.
జేబురుమాలు పరిచి దాని మీద చెయ్యి పెట్టాడు.
గుడ్డ అడ్డముంటేనే చెయ్యి అబద్ధమాడదు,
మొదటి రోజు నాకు నేర్పిన పాఠం.
కుడి పక్క పోయాడు. ఎడమ పక్క వచ్చాడు.
ఆగాడు.
వెనక్కి జరిగి మళ్లీ అదే జానెడు మేర.

"ఈడ నేను నూలుపోగంత ఎక్కువ కొట్టిన" అన్నాడు.
"వీళ్లు దిద్దిన్రు."
ఆ మాటలో నొప్పి లేదు.
పరీక్ష పేపరు నలభై ఏళ్లకు వెనక్కి వచ్చిన
పిల్లాడి మొహం.
నేనేమీ అనలేదు. అన్నా వినబడదు.

లోపల కూర్చుని మీట నొక్కాను.
అద్దం వెలిగింది, బండి లేచింది,
వెనక డొప్ప మీద ఆయన అరచెయ్యి.
"సచ్చిందా?"
నడుస్తోందని సైగ చేశాను.
నమ్మలేదు.
అప్పుడు కొంచెం తొక్కాను.

పన్నెండూ ఒక్కసారి నిద్ర లేచాయి.
చెయ్యి అదిరింది, తియ్యలేదు.
మోచేతి దాకా, భుజం దాకా
తెల్ల గడ్డం కూడా వణికింది.
నవ్వాడు. పళ్లు లేని చోట చీకటి.
"ఇదేం బండిరా!
సగం నా లెక్క, సగం నీ లెక్క."

పొద్దుగూకే వేళ ఆయన్ని దింపి
మిద్దె మీద నీళ్లు పోశాను.
మడ్‌గార్డు ఇంకా వేడిగానే ఉంది.
గీత దగ్గర నిలవవు నీళ్లు, జారిపోతాయి.
బస్సు గుద్దిన చోట మాత్రం
చెంబెడు పడతాయి.
లక్కా పావురమొకటి గీత మీద నడిచొచ్చి
అక్కడ ఆగి
మెడ వంచింది.