క కింద చుక్క

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డుల సీజను.
మెషీన్లన్నీ గులాబీరంగు నమిలి ఉమ్ముతున్నాయి.
నా టేబుల్ మీద మాత్రం
నమాజు నేర్చుకునే పుస్తకం, తెలుగులో,
నలభై పేజీలు,
మొర్రిగూడెం అనే ఊరి కోసం.
ఆ ఊరు ఏ బస్సు బోర్డు మీదా లేదు.
బస్సు దిగాక వాగు, వాగు దాటాక ఆటో,
ఆటో మొరాయించాక కాళ్లు
అని చెప్పాడు జుబేర్ మాస్టారు
చెప్పుల బురద గడపకు గీకుతూ.

పదకొండు ఇళ్లట.
మసీదంటే నాలుగు వెదురు గుంజలు, ఒక నీలం టార్పాలిన్,
వజూకు ఒక ప్లాస్టిక్ డ్రమ్ము.
కమిటీ వాళ్లు మినారుకు చందా ఎత్తుదామన్నారట.
మినారు తర్వాత చూద్దాం,
అక్షరాలు పెద్దగా వేయించండి,
మా ముసలోళ్లకు చూపానదు
అన్నారట వాళ్లు.

సైజు ఇరవై నాలుగు పెట్టాను.
నలభై పేజీలు డెబ్బై ఒకటయ్యాయి.
ఘియాసుద్దీన్ సాబ్ కాగితం లెక్క వేసి
కళ్లద్దాలు తీసి తుడుచుకుని
ఏమీ అనకుండా మళ్లీ పెట్టుకున్నాడు.

అసలు తంటా అది కాదు.
యాభై ఆరు అక్షరాల భాష నాది,
ఒక్క అరబ్బీ అక్షరం ముందు చేతులెత్తేసింది.
క రాస్తే పెదాల మీదే తేలిపోతుంది.
ఖ రాస్తే దగ్గొస్తుంది.
అది గొంతు అడుగునుంచి రావాలి,
ఎండాకాలం బావిలో చేద
నేల తాకిన చప్పుడులా.
చివరికి క కింద ఒక చుక్క పెట్టాను.
ఫాంటులో లేని చుక్క,
ఒక్కొక్కటీ చేత్తో,
పసిబిడ్డ బుగ్గన కాటుక పెట్టినట్టు.

పక్క టేబుల్ కాతిబ్ వజాహత్ భాయ్
తొంగి చూసి నవ్వాడు.
"తెలుగులో నమాజా? నోరు తిరుగుతుందా వాళ్లకి?"
నేను పైకి అనలేదు గానీ
ఈ షహరంతా తరతరాలుగా
ఆ అక్షరాన్ని ఖ అనే పలుకుతోంది,
దాని పేరే ఇక్కడ ఖాఫ్.
వీళ్ల కింద చుక్క ఎవరు పెట్టారు?

నన్నూ అడిగారు పనిలో చేరిన రోజు.
పేరు? దూదేకుల మౌలాబీ.
ఉర్దూ? రాదు.
మరి ముసల్మానువేనా?
మా జేజి నంద్యాల దగ్గర పరుపులు కుట్టేది.
దూది ఏకే వింటినారి డుంయ్ డుంయ్ మంటుంటే
ఆ చప్పుడు మీదే కలిమా చెప్పుకునేది,
సగం అరబ్బీ, సగం దూది.
ఆఖర్న "సామీ, తప్పులుంటే నువ్వే సర్దుకో" అనేది.
అది ఈ పుస్తకంలో లేదు.

మొదటి ప్రూఫు ఫోన్లో చదివించుకున్నాం.
అక్కడ గుట్టెక్కితేనే సిగ్నలు.
ఎక్కింది హలీమా,
నిరుడు దాకా ఎల్లవ్వ,
కోడళ్లకు ఇప్పటికీ ఎల్లవ్వే.
రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు.
తడిరాళ్ల మీద వాగు దాటుతున్నట్టు
ఒక్కో మాటా కాలితో తడిమి వస్తోంది.
చుక్క దగ్గర ఆగింది.
"ఈడేందో ఉన్నది బిడ్డా, మసి పడ్డదా?"
"కాదవ్వా, అక్కడ గొంతు లోపలికి దిగాలి."
గాలి. మేక మెడలో గంట.
సిగ్నలు పోయిందనుకున్నాను.
అంతలో అడుగునుంచి వచ్చింది
చేద నేల తాకిన చప్పుడు.

వజాహత్ భాయ్ కలం
ఒక పెళ్లికొడుకు పేరు మధ్యలో ఆగింది.

"ఇంకోటి బిడ్డా.
సజ్దాలో మా పోడు సంగతి తెలుగుల అడగొచ్చునా?"
"నాకు తెలీదవ్వా, మాస్టారుని అడుగు."
"అడిగిన. కితాబు చూసి చెప్తనన్నడు.
అందాక అడుగుతనే ఉన్న."

డెబ్బై రెండో పేజీ ఖాళీగా మిగిలింది.
ప్రెస్సు ప్రకటన వేయమన్నాడు సాబ్.
వేసినట్టే వేసి తీసేశాను.

ఇమ్లీబన్ కార్గో కౌంటరు దగ్గర
తూకం వేసినవాడు గొణిగాడు,
ఇంత చిన్న ఊరికి
ఇంత బరువేంటమ్మా అని.