ఆకురాయి గీత

నిజ్వా కోట వెనక సందుల
శుక్రవారం పొద్దుగాల షట్టరు లేపుత.
లోపల గోడ పొడుగునా నిలబడ్డ తుపాకులు,
మొదటి దినం బడికి తోలిన పిలగాండ్ల లెక్క.
నా పని వాటి ముఖాలు తుడుసుడు.

మేం కమ్మరోళ్లం, గంభీరావుపేట దిక్కు.
మా నాయిన కర్రు మీద సుత్తెతోని ఒక్క దెబ్బ కొట్టి
చెవి వంచి ఇనేటోడు.
ఇనుము అబద్ధమాడదురా, అమ్మేటోడు ఆడుతడనేటోడు.
గా చెవి నాకొచ్చింది.
పాలుపంపకాలల్ల నాకొచ్చింది గదొక్కటే.

మొన్న ఒక పిలగాడొచ్చిండు.
తెల్ల దిష్‌దాషా, ఊదు వాసన,
బయట బండి ఇంజను ఉరుముతనే ఉన్నది.
భుజానికి ఆనిచ్చి చూడలె,
గొట్టంలకు కన్ను పెట్టలె.
"లండన్‌దేనా?"
గదొక్కటే అడిగిండు.
పక్క రేకు మీద చెక్కిన అడివి బాతులను వేలుతోని నిమిరి
ఫోటో తీసి ఎవలికో పంపి
జవాబొచ్చేదాక ఖావా తాగుకుంట కూసున్నడు.
పందొమ్మిది వందల రియాళ్లు.
అండ్ల సగం బాతులకే పడ్డయి.
ఎగురయి, దిగయి, కూరకు రావు.

ఆయెన్క కొండ దిగి హుమైద్ తాత వచ్చిండు.
మేకల వాసన, తెగిన చెప్పు, జేబుల లైసెన్సు కాయితం.
కండ్లు మూసుకొని తుపాకి భుజానికి లేపి
కండ్లు తెరిచి చూసిండు.
చూపు కొన మీదనే ఉన్నది.
మల్ల మూసిండు, మల్ల లేపిండు, తొమ్మిది సార్లు.
టర్కీది. నాలుగొందల యాభై.
దాని పేరు నాకే నోరు తిరగదు.
"తాతా, దీనికి పేరు లేదు" అంటే
"కంజుకు చదువొస్తదా?" అన్నడు.
నలభై తగ్గిచ్చుకొని, సంచిల చుట్టుకొని పోయిండు.

అబద్ధం చెప్ప. పేరున్నయన్నీ ఉత్తయి కావు.
మూలకొకటున్నది, ఇటలీది, బొమ్మ లేదు, బంగారం లేదు.
దాన్ని మూస్తే తలుపు మూసినట్టుండదు,
నిద్రల కన్ను మూసినట్టుంటది.
మూడేండ్లాయె, ఎవ్వలూ అడగలె.
దాని మీద నేను చేసే ఖర్చు
నెలకు రెండు చుక్కల నూనె.

గీ లండన్ తుపాకి సంగతి వేరే.
పెట్టె ఇప్పింది నేను. పెట్టె మీది ఊరి పేరు చదివింది నేను.
టర్కీదీ గదీ ఒక్క పెట్టెలనే, ఒక్క గడ్డి మీద పండుకొని వచ్చినయి.
కింది కట్టె ఊడదీస్తే
గొట్టాల నడుమ రెండింటికీ ఒక్కటే గీత,
ఆకురాయి జారినచోట, ఎడమకు వంగి.
ఎడమచేతి మనిషి.
సాయంత్రమై ఉంటది, పానం అలిసి ఉంటది.
ఆయన పేరు ఏ రేకు మీదా లేదు.

దుక్మ్‌ల వెల్డింగు చేసినప్పుడు యాదికొచ్చింది.
నా అతుకు, మార్టిన్ అతుకు
ఎక్స్‌రేల పక్కపక్కన పెడితే
పెద్ద ఇంజనీరే ఏది ఎవలిదో చెప్పలేకపోయిండు.
జీతం చిట్టీలు మాత్రం చెప్పినయి.
ఆయన పాసుపోర్టు మీద బాతులుండె గావచ్చు.

నవ్వొస్తది గని, గీ ముచ్చట చెప్తున్న నేను
ఏసుకున్నది మొసలిబొమ్మ అంగీ.
మత్రాలో రెండు రియాళ్లకు బేరమాడి తెచ్చుకున్న.
మొసలి తోక అప్పుడే పోగులు లేస్తున్నది.
మా బామ్మర్ది లస్మన్నకు ఫోను కొంటానన్న,
కొరికిన పండు లేకుంటే వద్దన్నడు.

రాత్రి సేఠు ఖల్ఫాన్ పిలిచిండు.
"పిలగాడు ఆదివారం తీస్కపోతడు.
కట్టె కింద ఏదో గీత ఉన్నదట, నున్నగ చెయ్."
దీపం దగ్గర పెట్టి ఆకురాయి ఆనించిన.
ఒక్కసారి గుంజిన.
కర్ర్‌మన్నది, మా కొలిమి మాటనే.
ఇగ చెయ్యి ఆడలె.
నూనె రాసి, కట్టె బిగిచ్చి, పెట్టెల పెట్టిన.

లండన్ పేరు కింద, బాతుల కింద,
ఎడమకు వంగిన గీతొకటి,
దాని పొంటి
కుడికి వంగిన నాది.